రాత్రికి ఉంటారుగా?

పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కితే కింద వశిష్ఠ గోదావరి. దిగితే దిండి. అవతలి గట్టు పశ్చిమ గోదావరి జిల్లా, ఇవతలి గట్టు కోనసీమ. ఇప్పుడు కారులో మోగుతున్న పాట పూర్తయ్యేలోపు దాటేస్తున్నాం. వంతెన లేని రోజుల్లో ఇదే రేవు దాటడానికి ఒక పూట పట్టేది. పడవ నిండాలి, గాలి అనుకూలించాలి. ఎర్రనీరొచ్చిందంటే ఇక పడవ కదలదు. అన్ని తిప్పలు పడి వచ్చిన చుట్టం ఆ పూటే వెనక్కి వెళ్లడమన్నది ఎవరి ఊహకూ అందేది కాదు. వచ్చాడంటే రెండు మూడు రాత్రులు ఉన్నట్టే.

వంతెన మంచిదే. పురిటి నొప్పులొచ్చిన ఆడపిల్లను, గుండెనొప్పి వచ్చిన పెద్దాయన్ను అర్ధరాత్రి వేళ కూడా పాలకొల్లు చేరుస్తోంది. దాన్ని ఎవరూ కాదనరు. కానీ దారి తగ్గినకొద్దీ ఉండే రోజులూ తగ్గిపోయాయి. పొద్దున వచ్చిన హైదరాబాదు నంబరు కారు దీపాలు పెట్టే వేళకు మళ్లీ వంతెన మీద కనిపిస్తుంది. దిండి, మలికిపురం, శివకోడు, రాజోలు ఇళ్లలో ఒక్కరో ఇద్దరో మిగిలిన పెద్దవాళ్లు, కారు వీధిలో ఆగగానే, మంచినీళ్లు ఇవ్వడం కన్నా ముందు అడిగే మాట ఒకటుంది. "రాత్రికి ఉంటారుగా?"

మా అమ్మకు ఎనభయ్యో ఏడు వచ్చిన సందర్భంగా 2025 కార్తీకంలో హైదరాబాదు నుంచి దిండికి వెళ్లాం. ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

వరదలే రిజిస్టర్లు

పుట్టినరోజు చెయ్యాలంటే ముందు తేదీ తెలియాలి. మా అమ్మకు తెలియదు. ఆమె ఈడు ఆడవాళ్లలో చాలామందికి తెలియదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకు ముందు గోదావరి లంకల్లో, గట్టు ఊళ్లలో పుట్టినవాళ్లకు వరదలూ తుఫాన్లే రిజిస్టర్లు. "గోదారికి పెద్ద వరదొచ్చిన ఏడు నాకు ఏడో ఏడు నడుస్తోందిరా" అంటుంది అమ్మ. ఆ వరద 1953 ఆగస్టుది. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది గానీ, అది ఆమెకు గుర్తు లేదు. వీధిలోకి నీళ్లు రావడం, పశువుల్ని గట్టెక్కించడం మాత్రం గుర్తుంది.

తాతగారు పాత పంచాంగం అట్ట మీద రాసిపెట్టిన తిథి ఒక్కటే ఆధారం: వ్యయ నామ సంవత్సరం, కార్తీక బహుళ తదియ. లెక్క కడితే 1946 నవంబరు. ఆధార్ కార్డు మాత్రం ఆమె జనవరి 1న పుట్టిందంటోంది. నమోదు చేయించుకున్నప్పుడు తేదీ చెప్పలేక వయసు మాత్రం చెప్పినవాళ్లకు పడిన తేదీ అది. ఆ రోజున బ్యాంకు నుంచి శుభాకాంక్షల మెసేజీ వస్తే, ఆమె దాన్ని కొత్త సంవత్సరం మెసేజీ అనుకుంటుంది.

పెద్దవాళ్ల వయసుకు మనవాళ్లు మెట్లు కట్టారు. పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ తిరిగొచ్చినప్పుడు, అరవై నిండాక షష్టిపూర్తి. డెబ్భైకి భీమరథ శాంతి. ఆ పైన సహస్ర చంద్ర దర్శనం, అంటే వెయ్యి పున్నములు చూసినవాళ్లకు చేసే పూజ. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు కాబట్టి, వెయ్యి నిండడానికి దాదాపు ఎనభై ఏళ్ల పది నెలలు పడుతుంది. ఇవన్నీ చాలా ఇళ్లలో మగవాళ్ల వయసును బట్టే జరుగుతాయి. నాన్నగారి షష్టిపూర్తికి అమ్మ పక్కన పీటల మీద కూర్చుంది. ఆయన వెళ్లిపోయాక ఆమె వయసు లెక్క పెట్టినవాళ్లు లేరు. ఆమెకంటూ ఒక పుట్టినరోజు జరగనేలేదు.

ఈసారి పున్నమి నవంబరు 5న వచ్చింది. తదియ శనివారం తెల్లవారేదాకా ఉంది. శని, ఆదివారాలు కలిసొచ్చాయి. చెల్లెలు విశాఖ నుంచి, తమ్ముడు బెంగళూరు నుంచి, మేము హైదరాబాదు నుంచి బయల్దేరాం.

పడిన చేల మీదుగా

హైదరాబాదు నుంచి దిండి నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరితే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా నిర్మానుష్యంగా ఉంటుంది. సంక్రాంతి ముందు రోజుల్లో ఇక్కడ కార్ల వరస కిలోమీటర్ల కొద్దీ సాగడం, దాన్ని టీవీలు చూపించడం ఏటా జరిగేదే. సంక్రాంతికి వెళ్లేవాళ్లు పండక్కి వెళ్తారు. కార్తీకంలో ఒక మామూలు శుక్రవారం వెళ్లేవాళ్లు మనిషి కోసం వెళ్తారు. నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ దాటి విజయవాడ చేరేదాకా ఈ రోడ్డు గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు.

విజయవాడ తర్వాతే కథ మొదలవుతుంది. కంకిపాడు, ఉయ్యూరు మీదుగా పామర్రు వెళ్లి, అక్కడ ఎడమకు తిరిగితే 165వ జాతీయ రహదారి. గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం, పాలకొల్లు. పేరుకు జాతీయ రహదారే గానీ చాలాచోట్ల ఊళ్ల మధ్య నుంచే పోతుంది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురానికి దగ్గర్లో తీరం దాటింది. మేము వెళ్లేసరికి పది రోజులైంది. కోతకొచ్చిన వరి పడిపోయి నేలకు అంటుకుపోయింది. కొందరు పడిన దుబ్బుల్ని లేపి నాలుగేసి కలిపి కట్టలు కడుతున్నారు. మొలకెత్తకముందే గింజ దక్కించుకోవాలన్న ఆరాటం. నడుం వంచి కట్టలు కడుతున్నవాళ్లలో తల నెరిసినవాళ్లే ఎక్కువమంది కనిపించారు. ఈ డెల్టాలో పొలం పని ఇప్పుడు అరవై దాటినవాళ్ల భుజాల మీద నడుస్తోంది. వాళ్ల పిల్లలు మా లాగే ఎక్కడో ఉన్నారు.

కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు దిగే కాలమిది. పిల్లల కోసం అక్కడ కాసేపు ఆగాం. ఆ దగ్గర్లోనే కొవ్వాడలంక ఉంది. లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టరు 2002 మార్చి 3న అక్కడే కూలిపోయింది. ఆయన కోనసీమ బిడ్డ. ఎదుర్లంక నుంచి గౌతమి మీదుగా యానాం వెళ్లే వంతెనకు ఆయన పేరే పెట్టారు. కోనసీమకు రైలు రావాలని పట్టుబట్టినవాళ్లలో ఆయనది ముందు వరస. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల ఆ లైను మంజూరై పాతికేళ్లయింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి. నదుల్లో స్తంభాలు లేచాయి. రైలు రాలేదు. కాకినాడ, కోటిపల్లి మధ్య 1928లో వేసిన పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. తిరిగి రైలు నడిచింది 2004లో. కోనసీమవాళ్లు ఓపికపట్టడం అలా నేర్చుకున్నారు. అమ్మను చూడాలంటే నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లు దాకా రావచ్చు, అక్కణ్నుంచి బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. వృద్ధుల్ని చూడ్డానికి జరిగే ప్రయాణం ఈ సీమలో ఎప్పటికీ రోడ్డు ప్రయాణమే.

భీమవరం గునుపూడిలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం. రెండూ పంచారామాలే. కార్తీకంలో ఆర్టీసీ ప్రత్యేక బస్సులు ఆదివారం రాత్రి బయల్దేరదీసి సోమవారం ఒక్కరోజులో అమరావతి, ద్రాక్షారామం, సామర్లకోటతో కలిపి ఐదూ చూపిస్తాయి. పాలకొల్లులో తొమ్మిదంతస్తుల గాలిగోపురం దగ్గర ఆగినప్పుడు, భక్తుల్ని దించుతున్న ఒక బస్సు చూశాను. దిగినవాళ్లలో చాలామందికి డెబ్భై పైనే ఉంటాయి. మోకాళ్లు పట్టుకుని దిగుతున్నారు, నవ్వుతూ దిగుతున్నారు. "పెద్దవాళ్లు కదా, ప్రయాణం పడదు" అని మనం తేలిగ్గా అనేస్తాం. వాళ్లకు ప్రయాణం పడుతుంది. మన ఫ్లాటు పడదు. లిఫ్టు పడదు, మూసి ఉండే తలుపులు పడవు, పగలంతా పలకరించే దిక్కులేని హాలు పడదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. అప్పట్నుంచి అమ్మ ఆధార్ కార్డు జాకెట్లో పెట్టుకుని రాజోలు ఆసుపత్రికీ పాలకొల్లులో పిన్ని ఇంటికీ తానే వెళ్లొస్తోంది. ఆమెకు తోడు కావాలి గానీ మోసేవాళ్లు అక్కర్లేదు.

ఇల్లుండగా హోటలేంట్రా

దిండిలో వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు ఉంది. ప్రైవేటు రిసార్టులూ వచ్చాయి. కొబ్బరి చెట్లు, నది, ఇంటి పడవలు. సంక్రాంతికి గది దొరకడం కష్టం. ఈమధ్య ఇక్కడ ఒక కొత్త ఆచారం మొదలైంది. దూరాన ఉన్న పిల్లలు ఇక్కడ గదులు తీసుకుంటారు. పక్క ఊళ్లో ఉన్న అమ్మానాన్నల్ని కారులో తీసుకొచ్చి, పచ్చిక మీద కుర్చీల్లో కూర్చోబెట్టి, కేకు కోయించి, ఫొటోలు తీసుకుని, మళ్లీ ఇంటి దగ్గర దించేస్తారు.

ఎందుకు చేస్తున్నారో అర్థం కాక కాదు. పాత పెంకుటిల్లు, మండువా లోగిలి, ఒక్కటే బాత్‌రూము. ఏసీ లేదు, పిల్లలకు దోమలు. బోరు నీళ్లు ఉప్పు, తాగడానికి టిన్నులు కొనాలి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. తమ్ముడు కూడా అదే ఆలోచించి గదులు మాట్లాడాడు. అమ్మ వినగానే, "ఇల్లుండగా హోటలేంట్రా? నలుగురూ ఏవనుకుంటారు?" అంది. నలుగురూ ఏమనుకుంటారన్నది పైకి చెప్పిన కారణం. రిసార్టులో ఆమె మనకు అతిథి. తన ఇంట్లో ఆమె ఇంటి యజమానురాలు. ఎవరు ఎక్కడ పడుకోవాలో, ఏ పప్పు వండాలో, ఎవరికి ముందు వడ్డించాలో నిర్ణయించేది ఆమె. ఎనభయ్యో ఏట ఆ పెత్తనం ఆమె చేతిలోంచి తీసుకుని పూలగుత్తి పెట్టడం నాకు సబబుగా తోచదు. గదులు రద్దు చేశాం. తమ్ముడి పిల్లలు మాత్రం ఒక పూట ఇంటి పడవ చూసి వచ్చారు, ఆ సరదా వాళ్లకూ ఉండాలి కదా.

శుక్రవారం మధ్యాహ్నం మేము దిగేసరికి అరుగు మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. "వచ్చేరా బాబూ? ఆయ్, మీ అమ్మ రెండ్రోజుల్నుంచి పడుకోలేదండి" అన్నారు ఒకావిడ. అమ్మ గుమ్మంలోంచే అడిగింది, "రాత్రికి ఉంటారుగా?" ఉంటామని, రేపూ ఉంటామని చెప్పాక గానీ లోపలికి దారివ్వలేదు.

పగలు చెప్పనివి

వారానికి నాలుగుసార్లు ఫోన్ చేసే కొడుకుని నేను. ప్రతిసారీ "బానే ఉన్నాను" అంటుంది. వీడియో కాల్లో మొహం కనిపిస్తుంది, మొహం బాగానే ఉంటుంది. పగలు వచ్చి వెళ్లినా అంతే. పగలు ఆమె కాఫీ ఇవ్వడంలో, వంటలో, ఊరి కబుర్లలో ఉంటుంది. పెద్దవాళ్ల ఇల్లు పగలు ఒకలా ఉంటుంది, రాత్రి ఇంకోలా.

ఆ రాత్రి రెండు దాటాక మా ఆవిడకు మెలకువ వచ్చింది. పెరట్లోకి వెళ్లే తలుపు దగ్గర అమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. చీకట్లో మెట్టు దిగాలి, బాత్‌రూము బావి అవతల. లైటు స్విచ్చు ఎక్కడో బయట గోడకు ఉంది. "ఏంటత్తయ్యగారూ?" అంటే, "ఏం లేదమ్మాయ్, నువ్వు పడుకో" అంది. మెల్లగా కూర్చోబెట్టి అడిగితే తేలింది. రాత్రి పూట ఆ మెట్టు దిగాలంటే భయం. అందుకని సాయంత్రం ఐదు దాటాక మంచినీళ్లు తాగడం మానేసింది. ఎన్నాళ్లనుంచో. ఎండాకాలంలో కళ్లు తిరుగుతున్నాయని డాక్టరుకు చెప్పింది గానీ, నీళ్లు తాగడం లేదని చెప్పలేదు. ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఈ ఒక్క ముక్క ఏ ఫోనులో తెలుస్తుంది? "నీళ్లు తాగుతున్నావా అమ్మా" అని అడిగే కొడుకెవరు?

అంతటితో ఆగలేదు. నిద్ర ఎలాగూ పోయింది. ఆమె మంచం మీద, మేము చాప మీద. మొంథా రాత్రి సంగతి అప్పుడు చెప్పింది. ఫోనులో "గాలేసింది, అంతే" అన్న మనిషి. అధికారులు ముందే హెచ్చరించారట, పక్కింటి అబ్బాయి వచ్చి బలవంతాన తమ డాబాలోకి తీసుకెళ్లాడట. రాత్రంతా కొబ్బరి మట్టలు పెంకుల మీద పడుతుంటే ఆమె నాన్నగారి ఫొటో ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. తెల్లారి వచ్చి చూస్తే పెరట్లో రెండు చెట్లు నేలకూలి ఉన్నాయి. పెంకులు లేచిపోయిన చోట ఆ అబ్బాయే పట్టా కప్పాడు. ఆ అబ్బాయి పేరు ఆమె మాకు అంతకుముందు చెప్పిందేమో గానీ మా మనసులో నిలవలేదు. ఇప్పుడు మా అందరి ఫోన్లలో అతని నంబరు ఉంది.

మొంథా నుంచి మాట 1996కు పోయింది. ఆ ఏడాది నవంబరు 6 సాయంత్రం వచ్చిన తుఫానుకు ఈ సీమ కొబ్బరి తోటలు మొదలంటా ఒరిగిపోయాయి. వెయ్యికి పైగా జనం చనిపోయారు. కోనసీమలో వయసు చెప్పాలంటే ఇప్పటికీ దానికి ముందు, దానికి తర్వాత అంటారు. "చెట్టు పెట్టి ఏడేళ్లు ఆగాలిరా కాయకి. మీ చదువులు ఆ ఏడేళ్లలోనే పడ్డాయి" అంది. అవును, నా డిగ్రీ ఫీజులు ఏ నగ అమ్మి కట్టారో అప్పుడే తెలిసింది. అక్కణ్నుంచి ఇంకా వెనక్కి, 1986 ఆగస్టు వరదకు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. లంక ఊళ్ల జనం ఏటిగట్ల మీద గుడారాల్లో ఉంటే, నాన్నగారు పడవ మీద బియ్యం మోసుకెళ్లారట. మాకు తెలిసిన నాన్నగారు పడక్కుర్చీలో పేపరు చదివే మనిషి. పడవ మీద బస్తాలెత్తిన మనిషిని ఆ రాత్రి ఆమె మాకు మొదటిసారి చూపించింది.

కోడి కూసేదాకా మాట్లాడింది. ఇవేవీ దాచిన రహస్యాలు కావు. వాటికి తగిన వేళ దొరకలేదు, అంతే. కారు తాళాలు చేతిలో పట్టుకుని కూర్చున్న కొడుకుతో ఏ తల్లీ 1986 వరద మొదలుపెట్టదు.

తదియ నాడు

శనివారం తలంటి, బండారులంక నేత చీర కట్టింది. పుట్టినరోజున నువ్వులూ బెల్లం కలిపిన పాలు తాగి, అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపాచార్యుడు, పరశురాముడు, మార్కండేయుల్ని తలుచుకోవడం మా ఇంటి ఆనవాయితీ. మా పుట్టినరోజులకు ఆమె మాచేత తాగించేది. ఈసారి చెల్లెలు కలిపి ఇచ్చింది. పిల్లలు రాజోలు నుంచి కేకు తెచ్చారు. కొవ్వొత్తి ఊదమంటే ఒప్పుకోలేదు. దాన్ని వెలుగుతుండగానే తీసుకెళ్లి దేవుడి దగ్గర పెట్టి వచ్చి, కేకు కోసింది. కార్తీకం కాబట్టి ఇంట్లో నీచు లేదు. కందబచ్చలి, పులిహోర, గారెలు, పూర్ణం బూరెలు, కొత్త ఉసిరికాయ పచ్చడి. అందరూ దణ్నం పెట్టాక, చిన్న మనవరాలు అక్షింతలు అడిగి తీసుకుని తిరిగి ఆమె తల మీదే చల్లింది. దానికి ఎనభయ్యేళ్లావిడ సిగ్గుపడడం చూశాను.

మధ్యాహ్నం తమ్ముడు మలికిపురం వెళ్లి కరెంటు పని చేసేవాణ్ని, వెల్డింగు చేసేవాణ్ని తీసుకొచ్చాడు. మంచం పక్కన చేతికందేలా పెరటి లైటు స్విచ్చు. మెట్టుకు రెండు వైపులా పట్టుకోవడానికి ఇనప పైపులు. మెట్టు మధ్యలో ఇంకో చిన్న మెట్టు. గచ్చు జారకుండా గరుకు బండలు. సాయంత్రానికల్లా పని అయిపోయింది. ఖర్చు మేము రద్దు చేసుకున్న గదుల అద్దె కన్నా తక్కువ. చీకటి పడ్డాక అమ్మ ఆ పైపు పట్టుకుని దిగింది, ఎక్కింది, మళ్లీ దిగింది. ఆ రాత్రి పడుకోబోయే ముందు చెంబుడు నీళ్లు తాగింది. పుట్టినరోజు కానుకల్లో చీర కన్నా అదే ఆమెకు పనికొచ్చింది.

నెలకోసారి వచ్చేవాళ్లు

మా వీధిలో ఇంకో పెద్దావిడ ఉన్నారు. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. రాజోలు, మలికిపురం ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన ఆడవాళ్లు తక్కువేం కాదు. వాళ్ల పిల్లల్ని పెంచుతున్నది ఈ అమ్మమ్మలే. కువైట్ నుంచి దిండికి కారులో రాలేం. యజమాని సెలవిస్తే, పాస్‌పోర్టు చేతిలో ఉంటే, టిక్కెట్టుకు డబ్బుంటే రెండేళ్లకోసారి రావాలి. ఆ కూతుర్ని "రాత్రికి ఉంటావా" అని అడిగే అవకాశం కూడా ఈ తల్లికి లేదు. దారి ఉన్నవాళ్లం దాన్ని వాడుకోవాలని నేను గట్టిగా అనుకోవడానికి ఆవిడే కారణం.

ఆవిడ ఇంటికి ప్రతి నెలా ఒకటో తారీఖున తప్పకుండా వచ్చే మనిషి ఒకరున్నారు. సచివాలయం ఉద్యోగి. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది, దాన్ని ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. ఆ రోజు ఆవిడ పొద్దున్నే స్నానం చేసి అరుగు మీద కూర్చుంటారు. డబ్బు కోసమే కాదు, గడప దాకా వచ్చి పేరు పెట్టి పిలిచే మనిషి కోసం కూడా.

తల్లిదండ్రుల పోషణ కోసం మన దేశంలో 2007లో చట్టం వచ్చింది. పట్టించుకోని పిల్లల మీద ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. చూస్తారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చు. తిండి, బట్ట, నీడ, వైద్యం ఆ చట్టంలో ఉన్నాయి. వచ్చి చూడడం లేదు. చైనాలో 2013 జులై నుంచి అదీ చట్టంలో ఉంది, వేరుగా ఉంటున్న పిల్లలు తరచూ వెళ్లి పెద్దవాళ్లను చూడాలని. అమల్లోకి వచ్చిన రోజే వూషీ నగరంలో ఒక కోర్టు, డెబ్భై ఏడేళ్ల తల్లిని కనీసం రెండు నెలలకోసారి వెళ్లి చూడమని కూతుర్ని ఆదేశించింది. కోర్టు పంపితే వచ్చిన కూతురు ఆ తల్లి పక్కన చాప వేసుకుని పడుకుంటుందా అన్నది నా అనుమానం. అయినా ఆ తల్లి కోర్టు దాకా వెళ్లిందంటే ఎంత ఎదురుచూసి ఉండాలి!

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లు పదిమందిలో ఒకరు. 2050కి ఐదుగురిలో ఒకరవుతారు. ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య 1.7కు తగ్గింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను రాష్ట్రం 2024లో తీసేసింది కూడా. మేము ముగ్గురం కాబట్టి వంతులు వేసుకోగలిగాం. మా పిల్లల్లో ఒక్కరే ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు వంతుల్లేవు.

ఆదివారం పొద్దున ఫలహారాలయ్యాక ఆ వంతుల మాటే వచ్చింది. కొత్త ఏడాది క్యాలెండరు తీసి, ఏ నెల ఎవరు వస్తారో రాసుకుందామని చెల్లెలు పెన్ను తీసింది. నెలకొకరు, వస్తే రెండు రాత్రులు. అమ్మ అంతా విని పెన్ను లాక్కున్నంత పని చేసింది. ఆమె లెక్కలు వేరు. కొబ్బరి దింపు ఉన్న వారం ఎవరూ రాకూడదు, కాయలు లెక్క చూసుకోవాలి, వలుపు వాళ్లకు వంట చెయ్యాలి. సంక్రాంతికి ఎలాగూ అందరూ వస్తారు, దాన్ని వంతులో వెయ్యొద్దు. వెయ్యి పున్నములు నిండేది 2027 సెప్టెంబరులో, దానికి ఇప్పుడే తొందరేం లేదు.

"మాఘంలో రండి" అంది. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. 2026లో ఆ ఏకాదశి జనవరి 29న. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోతే, 2021లో కొత్తది చేశారు. ఇంటికి అంత దగ్గరున్నా ఆ కొత్త రథాన్ని లాగుతుండగా ఆమె ఇంతవరకూ చూడలేదు, మోకాళ్ల నొప్పులని ఎవరూ తీసుకెళ్లలేదు. సంక్రాంతికి వచ్చి వెళ్లిన పదిహేను రోజులకే మళ్లీ రావాలా అని తమ్ముడు నసిగాడు. సెలవు ఉండదన్నాడు. "నువ్వు వద్దులే, పెద్దాడొస్తాడు. నువ్వు ఫాల్గుణంలో రా" అని వాడి పేరు కొట్టేయించింది. నేను జనవరి 28 చుట్టూ గుండ్రంగా గీత గీశాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని చూసి, ముందురోజుకు కూడా గీయమంది. కల్యాణం రోజున సఖినేటిపల్లి రోడ్డంతా బస్సులే ఉంటాయి, కారు కదలదు, ముందురోజే దిగిపోవాలట.